ఊపు, కుదుపు, మూడు గుర్తులు

మా అక్కా బావా న్యూజెర్సీలో ఉంటారు. వాళ్ళ బుడ్డోడు ఐదో నెలలో సోఫా మీంచి దొర్లి కింద కార్పెట్టు మీద పడ్డాడు. పెద్ద ఎత్తేం కాదు. కాసేపు ఏడ్చి మానేశాడు. సాయంత్రానికి మాత్రం రెండుసార్లు కక్కాడు. మామూలుగా అయితే పిల్లాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాలి కదా. వీళ్ళిద్దరూ కారు తాళాలు చేతిలో పట్టుకుని అరగంట సేపు వాదించుకున్నారట. "తీసుకెళ్తే మనమే ఏదో చేశామంటారేమో, పిల్లాణ్ణి లాక్కుంటారేమో" అని. చివరికి వెళ్ళారు. ఎలా పడ్డాడు, ఎంత ఎత్తు నుంచి, అప్పుడు గదిలో ఎవరున్నారు అని ముగ్గురు మనుషులు మూడుసార్లు అడిగారట. కళ్ళలోకి లైటు వేసి చాలాసేపు చూశారట. స్కాను తీశారు. ఏమీ లేదన్నారు. ఇంటికి పంపేశారు.

ఇదంతా ఫోనులో చెప్పి బావ చివర్లో ఒక ప్రశ్న వేశాడు. "కింద పడితే తల చూడాలి గానీ, కళ్ళెందుకు చూశార్రా?"

దానికి సమాధానం వెతుక్కుంటూ వెళ్ళి రెండు వారాలు అందులోనే ఇరుక్కుపోయాను. ఇది సగం వైద్యం, సగం కోర్టు వ్యవహారం, మధ్యలో కాస్త ఫిజిక్సు. నేను డాక్టర్ని కాను. బీటెక్కులో మెకానికల్ చదివి, అందరిలాగే కోడు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. కాబట్టి దీన్ని చరిత్రగా చదువుకోండి, వైద్య సలహాగా తీసుకోకండి.

ముందు బావ ప్రశ్న సంగతి చూద్దాం. చంటిపిల్లల తల వాళ్ళ ఒంటి పొడుగులో నాలుగో వంతు ఉంటుంది. మెడ కండరాలు తలని నిలబెట్టలేవు. గిన్నెలో గట్టి పెరుగు తోడుకుని ఉందనుకోండి. మెల్లగా అటూ ఇటూ ఊపితే పెరుగు గిన్నెతో పాటే కదులుతుంది. ఒక్కసారిగా గట్టిగా కుదిపితే గిన్నె ముందు, పెరుగు వెనక. అంచు దగ్గర విడిపోతుంది. పుర్రెలో మెదడు పరిస్థితీ అలాంటిదే. మెదడు పైనుంచి దాన్ని కప్పే పొర దాకా సన్నటి సిరలు వంతెనల్లా ఉంటాయి. తల వేగంగా ముందుకీ వెనక్కీ తిరిగితే మెదడు వెనకబడి ఆ సిరలు తెగుతాయి, పొర కింద రక్తం చేరుతుంది. కంట్లో కూడా ఇదే తంతు. కనుగుడ్డు లోపల జిగురులాంటి పదార్థం నిండి ఉంటుంది. పసిపిల్లల్లో అది రెటీనాకి గట్టిగా అతుక్కుని ఉంటుంది. కుదుపుకి అది రెటీనాని పట్టి లాగితే రెటీనా పొరల్లో రక్తస్రావం అవుతుంది, ఒక్కోసారి పొరలు విడిపోతాయి కూడా. బయట చర్మం మీద గీత కూడా ఉండకపోవచ్చు. అందుకని కంటిలోకి లైటు వేసి చూస్తారు. కత్తి పెట్టకుండా డాక్టరు నేరుగా చూడగలిగే రక్తనాళాలు ఒంట్లో అక్కడే ఉన్నాయి మరి.

మెదడు మీద పొర కింద రక్తం, రెటీనాలో రక్తం, మెదడు పనిచేయకపోవడం (అంటే స్పృహ తప్పడం, ఫిట్స్, శ్వాస ఆగడం). ఈ మూడింటినీ కలిపి త్రయం అన్నారు. ఈ మూడూ కలిసి కనిపిస్తే "షేకెన్ బేబీ సిండ్రోమ్" అని రాసేవారు. కథంతా ఈ మూడు గుర్తుల చుట్టూనే తిరుగుతుంది.

పిల్లల్ని ఇంట్లోవాళ్ళే చావగొడతారన్న మాటని డాక్టర్లు చాలాకాలం నమ్మలేదు. 1860లో పారిస్‌లో ఆంబ్రవాజ్ తార్డియూ అనే ఫోరెన్సిక్ డాక్టరు 32 మంది పిల్లల కేసులు రాశాడు. వాళ్ళలో 18 మంది చనిపోయారు. హింసించినవాళ్ళలో తల్లిదండ్రులే ఎక్కువ. ఆయన చాలా పేరున్న మనిషి, అయినా ఆ వ్యాసాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎనభై ఆరేళ్ళ తర్వాత, 1946లో, అమెరికాలో జాన్ కాఫీ అనే రేడియాలజిస్టు ఆరుగురు పసిపిల్లల ఎక్సురేలు ముందేసుకుని ఒక వ్యాసం రాశాడు. తలలో పొర కింద పాత రక్తం ఉన్న పిల్లలకి కాళ్ళూ చేతుల ఎముకలు కూడా ఎందుకు విరిగి ఉంటున్నాయి అని. ఎవరో చేశారని మాత్రం ఆయన గట్టిగా అనలేకపోయాడు. 1962లో డెన్వర్‌లో హెన్రీ కెంప్, ఆయన సహచరులు "బ్యాటర్డ్ చైల్డ్ సిండ్రోమ్" అని పేరు పెట్టాకే కళ్ళు తెరుచుకున్నాయి. అనుమానం వస్తే డాక్టరు రిపోర్టు చేసి తీరాలని అమెరికా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. మా అక్కని మూడుసార్లు అడగడానికి మూలం అక్కడుంది.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి నార్మన్ గత్‌కెల్చ్. ఇంగ్లండులో హల్ అనే ఊళ్ళో పిల్లల న్యూరోసర్జన్. తలలో రక్తం చేరిన పసిపిల్లలు ఆయన దగ్గరికి వచ్చేవారు. వాళ్ళలో కొందరికి బయట దెబ్బ తగిలిన గుర్తే ఉండేది కాదు. ఉత్తర ఇంగ్లండులో అప్పట్లో పిల్లాణ్ణి కొట్టడం తప్పు, పట్టుకుని ఊపడం మాత్రం పెద్ద తప్పు కాదు అనే భావన ఉండేది. అడిగితే దాచకుండా చెప్పేవాళ్ళు కూడా ఉండేవారు. ఊపడం వల్లే ఇదంతా జరుగుతోందా అని ఆయనకి అనుమానం వచ్చింది. దానికో ఆధారం కావాలి కదా. అది కార్ల పరిశోధనలో దొరికింది.

అయూబ్ ఒమ్మాయా 1930లో అవిభక్త పంజాబులో పుట్టి, తర్వాత అమెరికా వెళ్ళి స్థిరపడిన న్యూరోసర్జన్. క్యాన్సర్ రోగుల మెదడులోకి మందు పంపడానికి వాడే ఒమ్మాయా రిజర్వాయరు ఈయనదే. వెనకనుంచి కారు గుద్దితే మెడ విసురుకి మెదడు దెబ్బతింటుందా అని తేల్చడానికి ఆయన కోతుల్ని కుర్చీలో కట్టి, ఆ కుర్చీని పట్టాల మీద విసురుగా గుద్దించాడు. తలకి ఏదీ తగలలేదు. అయినా కొన్ని కోతులకి మెదడు మీద రక్తం చేరింది. చాలావాటికి మెడ కూడా దెబ్బతింది. మెడ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది. ఈ ఫలితాలు 1968లో వచ్చాయి.

గత్‌కెల్చ్ వాటిని చూసి, తన 23 మంది పిల్లల కేసులు ముందుపెట్టుకుని, 1971లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చిన్న వ్యాసం రాశాడు. బయట దెబ్బ లేకపోయినా తలలో రక్తం ఉంటే, పిల్లాణ్ణి ఊపి ఉండొచ్చా అని డాక్టర్లు అడగాలి అని దాని సారాంశం. ఆయన ఉద్దేశం జైళ్ళు నింపడం కాదు. ఊపితే ప్రమాదమని తల్లిదండ్రులకి చెబితే మానేస్తారు అన్నది ఆయన ఆశ. మరుసటేడు, మళ్ళీ 1974లో, కాఫీ కూడా ఇదే మాట ఇంకా గట్టిగా రాశాడు. రెటీనాలో రక్తస్రావాన్ని ముందుకు తెచ్చింది ఆయనే. ఆయన చూపించిన 27 ఉదాహరణల్లో సగానికి పైగా ఒకే ఒక్క నర్సు చేతిలో జరిగినవి. ఆమె కథ 1956లో పత్రికల్లోకి ఎక్కింది. ఒక్క మనిషి నుంచి తీసుకున్న శాంపిలుతో మనం ఆఫీసులో ఒక బటన్ రంగు కూడా మార్చం.

ఇక్కణ్ణుంచి ఒక మెలిక తిరిగింది. "ఊపితే ఈ మూడు గుర్తులు రావచ్చు" అన్నది మెల్లమెల్లగా "ఈ మూడు గుర్తులుంటే ఊపినట్టే" అయి కూర్చుంది. ఏ వ్యాసంలో, ఏ తేదీన మారిందో వేలు పెట్టి చూపించలేం. వానపడితే రోడ్డు తడుస్తుంది, రోడ్డు తడిసింది కాబట్టి వాన పడింది అన్నట్టు. మున్సిపాలిటీ ట్యాంకరు కారి ఉండొచ్చు కదా! ఆపైన ఇంకో మెట్టు ఎక్కారు. అంత గట్టి గాయమైతే పిల్లాడు వెంటనే పడిపోతాడు, కాబట్టి పడిపోయినప్పుడు ఎవరి చేతిలో ఉన్నాడో వాళ్ళే చేశారు అని. గిట్ బ్లేమ్ తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ లైనుని చివరగా ముట్టుకున్నవాడి పేరు వస్తుంది. బగ్ వాడిదే అని రూలేం లేదు. కానీ ప్రొడక్షన్ పడిపోయిన రాత్రి మేనేజరు ముందు చూసేది ఆ పేరే.

నాలోని మెకానికల్ విద్యార్థి లేచి కూర్చున్నది 1987 దగ్గర. ఫిలడెల్ఫియాలో ఆన్-క్రిస్టీన్ డుహైమ్ అనే న్యూరోసర్జన్, ఇంజనీర్లతో కలిసి, నెల పిల్లాడి బరువున్న బొమ్మలు చేయించి, తలలో యాక్సిలరోమీటర్లు పెట్టి, మనుషుల చేత ఊపించింది. తర్వాత అదే బొమ్మ తలని ఏదైనా ఉపరితలానికి కొట్టించింది. కొట్టినప్పుడు వచ్చిన త్వరణం ఊపినప్పటికన్నా సుమారు 50 రెట్లు. ఊపినప్పుడు వచ్చిన అంకెలు మెదడు గాయానికి కావాల్సిన స్థాయికి చేరలేదు. ఆమె చూసిన 48 మంది పిల్లల్లో 13 మంది చనిపోయారు. ఆ 13 మందికీ తలకి ఏదో తగిలిన ఆనవాళ్ళు ఉన్నాయి. అంటే ప్రాణం పోయేంత గాయానికి ఊపు ఒక్కటే చాలదేమో, విసిరేయడమో కొట్టడమో కూడా ఉండాలేమో అన్నమాట. మెడ సంగతి కూడా ఇక్కడే. తలలో అంత రక్తం రావాలంటే కోతుల్లోలా ముందు మెడ దెబ్బతినాలి కదా, చాలా కేసుల్లో మెడకి ఏమీ ఎందుకు కాలేదు అని తర్వాత చాలామంది అడిగారు. బొమ్మ మెడ పిల్లాడి మెడ కాదు, పదే పదే ఊపితే కలిగే నష్టం ఒక్క అంకెలో దొరకదు, అన్నిటికన్నా ముఖ్యంగా "ఊపాను" అని స్వయంగా ఒప్పుకున్నవాళ్ళు ఉన్నారు అని రెండో వర్గం జవాబు. ఇది కూడా తీసిపారేసే మాట కాదు. ఒప్పుకోలు మాటకొస్తే, పోలీసు గదిలో రాత్రంతా కూర్చోబెడితే వచ్చే ఒప్పుకోలుకి ఎంత విలువివ్వాలి అన్నది మళ్ళీ ఇంకో తగువు.

జనానికి ఈ పేరు తెలిసింది 1997లో. మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో ఎనిమిది నెలల బాబు చనిపోయాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ డాక్టర్లు, తండ్రి భారతీయ సంతతివాడు, తల్లి కంటి డాక్టరు. బాబుని చూసుకుంటున్న బ్రిటిష్ అమ్మాయి లూయీస్ వుడ్‌వర్డ్‌కి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. అక్టోబరు 30న జ్యూరీ హత్య అని తేల్చింది. నవంబరు 10న జడ్జి హిల్లర్ జోబెల్ దాన్ని ఉద్దేశం లేని నరహత్యగా తగ్గించి, అప్పటికే గడిపిన 279 రోజుల జైలు చాలన్నాడు. ఆ తీర్పుని ఈమెయిల్లో విడుదల చేస్తానని జడ్జి ముందే ప్రకటించాడు. అప్పట్లో అది వింత. సరిగ్గా ఆ పొద్దున ఇంటర్నెట్ కంపెనీకి కరెంటు పోయింది. ప్రపంచమంతా రిఫ్రెష్ కొట్టుకుంటూ కూర్చుంటే తీర్పు కాగితం రూపంలోనే ముందు బయటికొచ్చింది. డిప్లాయ్‌మెంటు రోజున కరెంటు పోయే దురదృష్టం మనది మాత్రమే కాదని ఆ క్షణాన నవ్వుకున్నాను. వెంటనే, ఇది చచ్చిపోయిన పిల్లాడి కథ కదా అనిపించి నవ్వు ఆగిపోయింది.

ఆ కేసులో ప్రాసిక్యూషన్ తరఫున సాక్ష్యం చెప్పిన వాళ్ళలో పాట్రిక్ బార్న్స్ అనే పిల్లల న్యూరోరేడియాలజిస్టు ఒకడు. తర్వాతి ఏళ్ళలో ఆయన, తాను స్కాను చూసి అంత ఖచ్చితంగా చెప్పి ఉండకూడదని అభిప్రాయం మార్చుకుని, ఇలాంటి కేసుల్లో డిఫెన్సు వైపు మాట్లాడసాగాడు. ఒక నిపుణుడు నలుగురి ముందు "నేను తప్పేమో" అనడం ఎంత కష్టమో, కోడ్ రివ్యూలో పట్టుదలకి పోయిన నాకు బాగా తెలుసు.

2001లో ఇంగ్లండులో జెనియన్ జెడ్డిస్ అనే పాథాలజిస్టు చనిపోయిన పిల్లల మెదళ్ళు మైక్రోస్కోపు కింద చూసి, నరాల తీగలు చిరగడం కన్నా ఆక్సిజన్ అందకపోవడం వల్ల వచ్చిన నష్టమే ఎక్కువ కనిపిస్తోందని చెప్పింది. దాని మీద మరో మెట్టు కట్టి, ఆక్సిజన్ అందకపోవడం వల్లే తలలో, కంట్లో రక్తం కూడా రావచ్చు అని ఒక ఊహ ముందుపెట్టింది. 2005లో లండన్ అప్పీలు కోర్టులో నలుగురి కేసులు కలిపి విన్నప్పుడు, అది నిరూపణ కాని ఊహ అని ఆమే ఒప్పుకుంది. కోర్టు ఆ ఊహని పక్కన పెట్టేసింది. కానీ మూడు గుర్తులుంటే చాలు శిక్ష వేసేయొచ్చు అన్న మాటని కూడా ఒప్పుకోలేదు. ఇద్దరి శిక్షలు రద్దయ్యాయి, ఒకరిది హత్య నుంచి నరహత్యకి తగ్గింది, ఒకరిది అలాగే నిలబడింది. నలుగురికి మూడు రకాల ఫలితాలు. పిల్లల ఒళ్ళలో మాత్రం దాదాపు అవే గుర్తులు.

2008లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో, ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఒకావిడ పదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాక, వైద్యుల్లోనే నిజమైన భేదాభిప్రాయం ఉంది కాబట్టి మళ్ళీ విచారణ జరగాలని అప్పీలు కోర్టు చెప్పింది. ప్రభుత్వం కేసు ఉపసంహరించుకుంది. 2009లో అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ, ఎలా జరిగిందో పేరులోనే చెప్పేయకుండా "అబ్యూజివ్ హెడ్ ట్రామా" అనే మాట వాడమంది. ఊపు అన్న మాట పోయింది. ఎవరో చేశారన్న మాట మాత్రం పేరులోనే ఉండిపోయింది!

2016లో స్వీడన్ ప్రభుత్వ సంస్థ ఎస్‌బీయూ ఈ సాహిత్యాన్నంతా జల్లెడ పట్టింది. 3,773 సారాంశాలు చూసి, 1,065 వ్యాసాలు పూర్తిగా చదివి, 30 మాత్రం ఉంచుకుంది. ఆ ముప్పైలో రెండు మధ్యస్థం, మిగతావి నాసిరకం, ఉత్తమం అనదగ్గది ఒక్కటీ లేదు. ఎందుకంటే చాలా పరిశోధనల్లో ఊపిన పిల్లల గుంపుని ఎంచుకున్నదే ఆ మూడు గుర్తుల్ని చూసి. తర్వాత ఆ గుంపులో ఆ గుర్తులు ఎక్కువున్నాయని కనుక్కున్నారు. టెస్టు కేసులో రావాల్సిన ఔట్‌పుట్టుని ప్రోగ్రాము నుంచే కాపీ చేసి పెట్టుకుంటే అన్ని టెస్టులూ పచ్చగానే కనిపిస్తాయి. 2018లో పిల్లల రేడియాలజిస్టులు, మిగతా సంఘాలు కలిసి దీనికి గట్టి జవాబిచ్చాయి. ఏ డాక్టరూ మూడు గుర్తులు లెక్కపెట్టి ఊరుకోడు, ఎముకలు, రక్త పరీక్షలు, ఇంట్లోవాళ్ళు చెప్పిన కథ అన్నీ చూస్తాడు, కోర్టుల్లో నడుస్తున్న ఈ వివాదం వైద్యంలో అంతగా లేదు అని.

నాకైతే ఇద్దరి మాటల్లోనూ బలం కనిపిస్తుంది. పుట్టుకలో ఒత్తిడికే చాలామంది శిశువుల రెటీనాలో రక్తం కనిపిస్తుంది, కొన్ని వారాల్లో పోతుంది. అదే రెటీనా అన్ని పొరల్లో, అంచుల దాకా, లెక్కపెట్టలేనన్ని చుక్కలుంటే సంగతి వేరని కంటి డాక్టర్లు అంటారు. రక్తం గడ్డకట్టని జబ్బులు, విటమిన్ కె లోపం కూడా తలలో రక్తానికి కారణం కావచ్చు. గ్లూటారిక్ అసిడ్యూరియా టైపు 1 అని ఒక జన్యుపరమైన జబ్బుంది. అందులో తలలోనూ కంట్లోనూ రక్తం చేరి అచ్చం ఊపినట్టే కనిపించవచ్చు. అది తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడే రకం. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ఆంధ్రా తెలంగాణల వాళ్ళకి ఈ రకం జబ్బుల సంగతి తెలిసి ఉండటం మంచిది. విదేశంలో ఆస్పత్రిలో అడిగితే సిగ్గుపడకుండా "మాది మేనరికం" అని చెప్పాలి.

ఈ వాదనలన్నీ కాగితం మీద కాదు, మనుషుల మీద జరుగుతున్నాయి. టెక్సాస్‌లో రాబర్ట్ రాబర్సన్‌కి రెండేళ్ళ కూతురి చావు కేసులో 2003లో మరణశిక్ష పడింది. సైన్సు మారితే మళ్ళీ విచారణ కోరవచ్చని ఆ రాష్ట్రమే 2013లో చట్టం చేసింది. అయినా 2024 అక్టోబరు 17న ఆయన్ని చంపడానికి అంతా సిద్ధం చేశారు. రాష్ట్ర శాసనసభ కమిటీ ఒకటి ఆయన్నే సాక్షిగా పిలుస్తూ సమను జారీ చేయడంతో ఆ రాత్రి శిక్ష ఆగింది. 2025 అక్టోబరు 16కి మళ్ళీ తేదీ పెట్టారు. వారం ముందు కోర్టు ఆపింది.

రెండో వైపు లెక్క కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. తలకి ఇలాంటి గాయాలైన పిల్లల్లో సుమారు నాలుగో వంతు చనిపోతారని అమెరికా సీడీసీ చెబుతోంది. బతికినవాళ్ళలో చాలామందికి చూపు పోవడం, ఫిట్స్, కాళ్ళూ చేతులూ పట్టు తప్పడం ఉంటాయి. పిల్లాణ్ణి కసిగా కుదిపితే ప్రమాదమన్న విషయంలో తగువు లేదు. మోకాళ్ళ మీద ఆడించడం, ఉయ్యాల ఊపడం లాంటివి ఈ లెక్కలోకి రావు. మా నాయనమ్మ కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసి, చివర్లో పిల్లాణ్ణి పాదాలు పట్టుకుని తలకిందులుగా ఆడించేది. ఆ ఒక్కటి మాత్రం ఇప్పుడు తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

గత్‌కెల్చ్ ఇంగ్లండు వదిలి అమెరికా వెళ్ళి, రిటైరై అరిజోనాలో ఉండేవాడు. తొంభై అయిదేళ్ళు దాటాక, అక్కడే జైల్లో ఉన్న ఒక తండ్రి కేసు కాగితాలు చూడమని ఆయన్ని అడిగారు. చూసి కంగారుపడ్డాడు. పిల్లాడికి అప్పటికే పెద్ద జబ్బుంది, దాన్ని పక్కనపెట్టి తన సిద్ధాంతంతో మనిషిని లోపలేశారు. 2012లో ఆ కేసు కొట్టేశారు. అదే ఏడు ఆయన ఒక వ్యాసం రాశాడు. నేరాన్ని పేరులో ఇరికించకండి, కంట్లో తలలో రక్తం అని కనిపించినదాన్నే పేరుగా పెట్టండి, కారణం తర్వాత వెతకండి అని. వందేళ్ళు నిండాయనిపించి 2016లో పోయాడు. నలభై ఏళ్ళ కిందటి తన చిన్న వ్యాసం ఎక్కడెక్కడికి ప్రయాణం చేసిందో చూసి, దాన్ని సరిచేయడానికి ఆ వయసులో కూర్చున్నాడు.

ఆయన మొదట అనుకున్న పని, అంటే తల్లిదండ్రులకి చెప్పడం, వేరేవాళ్ళు మొదలుపెట్టారు. పసిపిల్లల ఏడుపు రెండో నెలలో తారస్థాయికి చేరి తర్వాత తగ్గుతుందని 1962లోనే బెర్రీ బ్రేజల్టన్ గ్రాఫు గీశాడు. ఆరో వారంలో సగటున రోజుకి రెండున్నర గంటల పైనే. ఆస్పత్రికొచ్చే ఈ కేసుల గ్రాఫు కూడా దాదాపు అదే ఆకారంలో, కాస్త వెనకగా ఉంటుందని తర్వాత రోనాల్డ్ బార్ చూపించాడు. న్యూయార్క్ రాష్ట్రం పశ్చిమ భాగంలో మార్క్ డయాస్ అనే న్యూరోసర్జన్ పురిటి ఆస్పత్రిలోనే తల్లిదండ్రులకి వీడియో చూపించి కాగితం మీద సంతకం పెట్టించాడు. కేసులు లక్ష జననాలకి 41.5 నుంచి 22.2కి తగ్గాయని 2005లో రాశాడు. అదే పద్ధతి పెన్సిల్వేనియా మొత్తం పెట్టి చూస్తే ఆస్పత్రిలో చేరికలు తగ్గలేదని 2017లో రాసింది కూడా ఆయన బృందమే.

మా అక్కకీ ఆ వీడియో చూపించారట, సంతకం పెట్టించుకున్నారట. ఏడుపు ఎంతకీ ఆగక మీకే కోపం వస్తోందనిపిస్తే, పిల్లాణ్ణి వెల్లకిలా తొట్టెలో పడుకోబెట్టి, తలుపు దగ్గరికేసి, పది నిమిషాలు బయటికి వెళ్ళండి అని అందులో చెబుతారు. రెండో నెలలో ఓ రాత్రి అక్క సరిగ్గా అదే చేసింది. హాల్లో నేల మీద కూర్చుంది. అప్పుడే ఇక్కణ్ణుంచి అమ్మ వీడియో కాలు చేసింది. వెనక గదిలోంచి ఏడుపు వినపడుతోంది.

"పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే బయట కూర్చున్నావేమే? నీకసలు గుండె ఉందా?"

అక్క ఏం మాట్లాడలేదట. ఫోను మ్యూట్‌లో పెట్టి, గోడ గడియారం వైపు చూస్తూ ఇంకో ఆరు నిమిషాలు అలాగే కూర్చుందట.